మా ఎండ, మన ఎండ

పెద్దక్కకి 'మా' అనడం రాదు. వీధి మొత్తం పక్కన కూర్చుని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా రాలేదు.

"మళ్ళీ అడుగుతున్నాను" అంది వకీలమ్మ, ఓపిక కూడదీసుకుని. "ఆ ఖాళీ స్థలం ఎవరిది?"

"ఎవరిదేమిటమ్మా, మనదే."

వకీలమ్మ చేతిలోని కలం బల్ల మీద పడేసింది. "పెద్దక్కా, మన అంటే అందులో ఎదుటి మనిషి కూడా ఉన్నట్టు. రేపు విచారణలో మీ ఎదురుగా నిలబడేది కంపెనీ వకీలు. ఆయన మొహం మీద 'మన స్థలం' అన్నారనుకోండి, 'అయితే నాకూ వాటా ఉందన్నమాట' అంటాడు. దాంతో మన పని గోవిందా."

"ఇప్పుడు నువ్వూ మన అన్నావుగా" అంది పెద్దక్క.

గదిలో అందరూ నవ్వారు. వకీలమ్మకి మాత్రం నవ్వు రాలేదు. పెద్దక్క భర్త అందుకున్నాడు. అద్దకం వీధికి పెద్దమనిషి ఆయనే. వీధి తరఫున ఈ తగాదా నెత్తినేసుకున్నదీ ఆయనే. "నా గురించి చెప్పేటప్పుడు మాత్రం 'మా ఆయన, మా ఆయన' అని చక్కగా అంటావే! ఏనాడన్నా 'మన ఆయన' అన్నావా?"

"అనేదాన్నే. ఎవరన్నా వచ్చి వాటా పట్టుకుపోతారేమోనని చూశాను. ఒక్కరూ రాలేదు."

ఈసారి వకీలమ్మ కూడా నవ్వేసింది. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ స్థలాన్ని వాళ్ళు 'ఎండ' అంటారు. అదే దాని పేరు. "ఎండకి వెళ్ళొస్తాను", "ఎండలో తాళ్ళు తెగాయి", "చంటిది ఎండలో ఆడుకుంటోంది" అంటుంటే కొత్తవాళ్ళు తెల్లమొహం వేస్తారు. ఒకప్పుడు వీధిలో ఇంటింటి ముందూ ఎండ పడేదట. చుట్టూ మేడలు లేచాక వీధికి నీడ తప్ప మరేం మిగల్లేదు. ఇళ్ళ వెనకున్న ఆ నేలచెక్క మీద మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ దండిగా పడుతుంది. తొట్లలో రంగు వేసిన గుడ్డల్ని అక్కడ కర్రలు పాతి, తాళ్ళు కట్టి ఆరేస్తారు. మూడు తరాలుగా ఆ వీధి బతుకు ఆ తాళ్ళ మీదే వేలాడుతోంది.

రోజులు బాగున్నప్పుడు ఎండ విలువ ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు బేరాలు సగానికి పడిపోయాయి. వాన ఎప్పుడు పడుతుందో, ఎందుకు పడుతుందో వానకే తెలియడం లేదు. ఆరబెట్టే యంత్రాలు కొన్నవాళ్ళు వాటి కరెంటు ఖర్చుకే చితికిపోయి యంత్రాల్ని అమ్మకానికి పెట్టారు. ఊరికే దొరికే ఎండ ఉన్నవాడే నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ కన్ను దాని మీద పడింది. సరుకు దాచే గోదాము కట్టుకుంటుందట. గోదాముకి ఎండెందుకో దేవుడికే తెలియాలి.

భూముల ఆఫీసు రూలు సూటిగా ఉంది. ముప్పై ఏళ్ళకి పైగా ఒకే గుంపు, మరెవర్నీ రానివ్వకుండా వాడుకున్న స్థలం ఆ గుంపుకే చెందుతుంది. నలుగురూ వాడుకున్నదైతే అది ఎవరిదీ కాదు. ఆఫీసు వేలం వేసుకోవచ్చు. అంటే తలుపేసుకుని కూర్చున్నవాడికి హక్కు, తలుపు తీసినవాడికి సున్నా. ఆ రూలు రాసినవాళ్ళు పక్కింటివాళ్ళకి చెంబెడు నీళ్ళు కూడా ఇచ్చి ఎరగరు కాబోలు.

ఇంకో దారి కూడా ఉందని వకీలమ్మ మొదటిరోజే చెప్పింది. వాడుకునేవాళ్ళంతా కలిసి ఉమ్మడి హక్కు అడగొచ్చు. అది తేలడానికి ఏళ్ళు పడుతుంది, రావచ్చు, రాకపోవచ్చు. తేలేదాకా మాత్రం స్థలాన్ని ఎవరూ అమ్మలేరు. "ఏళ్ళా! ఈ నెల గడిస్తే చాలు అనుకుంటున్నవాళ్ళకి ఏళ్ళ లెక్క చెప్తావేమిటమ్మా?" అన్నాడు పెద్దక్క భర్త. వీధి మొత్తం తలూపింది. పెద్దక్క కూడా ఊపింది.

చిక్కంతా పరుపులవాళ్ళతో వచ్చింది.

ఎనిమిదేళ్ళ కిందట పెద్ద వరద వచ్చి దిగువ పేటని తుడిచిపెట్టేసినప్పుడు, పరుపులు కుట్టుకునే కుటుంబాలు కొన్ని ఎండకి అవతలి సందులో తలదాచుకున్నాయి. పాత పరుపులు విప్పి, దూది ఏకి, ఎండబెట్టి, మళ్ళీ నింపి కుట్టడం వాళ్ళ పని. మొదటి ఏడాదంతా కొట్లాటే. గాలి వీస్తే దూది పింజలు ఎగిరొచ్చి తడి గుడ్డలకి అతుక్కునేవి. నీలం గుడ్డకి తెల్లటి బొచ్చు మొలిచినట్టుండేది. పెద్దక్క చీపురు పట్టుకుని మీదికి వెళ్ళిన రోజులూ ఉన్నాయి. అవతల్నుంచి అంతే ఉత్సాహంగా దూది ఏకే బద్ద పట్టుకుని ఎదురొచ్చినావిడే ఇప్పుడు పెద్దక్కకి వియ్యపురాలు.

వాళ్ళిద్దరూ కొట్లాడుకుని కొట్లాడుకుని అలిసిపోయి ఒక ఒప్పందానికి వచ్చారు. పొద్దుటి ఎండ తడి గుడ్డలది. గుడ్డలు తీశాక, మధ్యాహ్నం ఎండ పరుపులది. అంతటితో పింజల గొడవ తీరింది. మధ్యాహ్నం పూట గుడ్డలు మడతపెట్టడానికి వెళ్ళిన పెద్దక్క కూతురు, పరుపులు పరవడానికి వచ్చిన కుర్రవాణ్ణి చూడటం, ఆ గుడ్డల మడతలు రోజురోజుకీ ఆలస్యం కావడం, చివరికి పెళ్ళి జరగడం, అన్నీ ఆ ఒప్పందం పుణ్యమే.

విచారణ ముందురోజు పెద్దక్క భర్త అవతలి సందుకి వెళ్ళి వియ్యపురాలితో మాట్లాడొచ్చాడు. "రేపు ఒక్కపూట మీ పరుపులు కనబడకుండా చూడండి చెల్లెమ్మా. అధికారి వెళ్ళిపోయాక మామూలే." ఆవిడ మారుమాట్లాడకుండా ఒప్పుకుంది. అయితే ఆ తర్వాత మామూలు ఉండదని ఆయనకి తెలుసు. హక్కు వచ్చాక బయటివాళ్ళు ఒక్కరోజు ఆరేసుకున్నట్టు రుజువైనా హక్కు పోతుందని వకీలమ్మ పదిసార్లు చెప్పింది. ఆ సంగతి పెద్దక్కకీ తెలుసు. తెలిసి నోరు మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే అధికారి ఎండకి వచ్చాడు. బల్ల, కుర్చీలు వేశారు. ఒక పక్క అద్దకం వీధి మొత్తం నిలబడింది. వీళ్ళ చేతులు మోచేతుల దాకా నీలంగా ఉంటాయి, ఎంత కడిగినా పోదు. ఇంకో పక్క కంపెనీ వకీలు, చెమటలు కక్కుతూ. దూరంగా సందు మొదట్లో పరుపులవాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు. వాళ్ళలో వియ్యపురాలూ, ఆవిడ వెనక పెద్దక్క కూతురూ ఉన్నారు.

"ఈ స్థలాన్ని ఎవరు వాడుకుంటున్నారు?" అన్నాడు అధికారి.

"మేమేనండీ. మా మామగారు, మేము, మా పిల్లలు" అంది పెద్దక్క. వకీలమ్మ ఊపిరి పీల్చుకుంది.

"కర్రలు ఎవరు పాతారు?"

"మా వాళ్ళేనండీ."

మా, మా, మా. పాఠం అప్పజెప్పే పిల్లలా ఒక్క తప్పూ లేకుండా చెప్పుకుపోయింది. భర్త మొహం వెలిగిపోతోంది. కంపెనీ వకీలు జేబురుమాలుతో మెడ తుడుచుకుని, ఒక్క క్షణం తూలి, బల్ల అంచు పట్టుకున్నాడు. అంతే, పెద్దక్క ప్రాణం ఉండబట్టలేదు.

"అయ్యో, ఎండలో అలా నిలబడకండి బాబూ. మన పందిట్లోకి రండి, కాసిన్ని మంచినీళ్ళు తాగుదురు గాని."

వకీలమ్మ కళ్ళు మూసుకుంది.

కంపెనీ వకీలు మెల్లిగా నిటారుగా నిలబడ్డాడు. "మన పందిరా? నాదీ మీదీనా అమ్మా?"

ఎవరూ నవ్వలేదు. పెద్దక్క గబగబా సర్దుకుంది. "మర్యాదకన్నానండీ. ఇంటికొచ్చినవాళ్ళతో ఎవరైనా అలాగే అంటారు."

"నిజమే, అంటారు" అన్నాడాయన, చాలా మర్యాదగా. "అంత మర్యాద తెలిసిన మనిషి ఇందాకట్నుంచి గుక్క తిప్పుకోకుండా మా, మా అంటుంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. ఎవరో నేర్పినట్టుంది." మాట్లాడుతూనే ఒక కర్ర దగ్గరికి వెళ్ళాడు. తాడు ముడిలో ఇరుక్కున్న తెల్లటి పింజని వేలితో లాగి, అధికారి బల్ల మీద పెట్టాడు. "మీరు వేసేది రంగు. మరి ఈ దూది ఎవరిది?"

పరుపులన్నీ సర్దించారు, తాళ్ళు దులిపించారు, ఆ ఒక్క ముడిని మాత్రం ఎవరూ చూడలేదు.

"గాలికి ఎగిరొచ్చి ఉంటుందండీ" అంది పెద్దక్క.

"ఎక్కడినుంచి?"

"ఎక్కడినుంచో."

"ఆ సందు చివర నిలబడ్డారే, వాళ్ళ దగ్గర్నుంచా? వాళ్ళు పరుపులు ఇక్కడే ఆరేసుకుంటారని నాకు తెలిసింది. ఎవరమ్మా వాళ్ళు? మీకేమవుతారు?"

పెద్దక్క అటు చూడలేదు. చూస్తే నోరు పెగలదని తెలుసు. భర్త చూపు వీపు మీద బరువుగా తగులుతోంది. ఆ వెనక వీధి మొత్తం ఉంది. పొయ్యి వెలగని ఇళ్ళున్నాయి, అమ్మకానికి పెట్టిన యంత్రాలున్నాయి.

"వాళ్ళెవరోనండీ. వరదకి కొట్టుకొచ్చినవాళ్ళు. మాకూ వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు."

అనేశాక ఆ మాట చెవిన పడింది. ఏ సంబంధమూ లేదు. కూతుర్నిచ్చిన ఇంటిని పట్టుకుని అన్న మాట అది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అధికారి చెయ్యెత్తి పిలిస్తే వియ్యపురాలు వచ్చి బల్ల ముందు నిలబడింది. చీర కొంగుకి ఇంకా దూది అంటుకుని ఉంది. కంపెనీ వకీలు ఆశగా ముందుకి వంగాడు. ఆవిడ ఒక్క మాట నిజం చెబితే చాలు, అద్దకం వీధి పని అయిపోయినట్టే. ఆవిడకి ఆ హక్కుంది, కోపానికి కారణమూ ఉంది.

"చెప్పమ్మా. మీరు ఇక్కడ ఆరేసుకుంటారా?"

"లేదండీ" అంది వియ్యపురాలు. ఆవిడ కళ్ళు అధికారి మీదే ఉన్నాయి. "ఇది వాళ్ళది. ఆవిడ చెప్పింది నిజమే. మాకూ వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు."

అని వెనక్కి తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పెద్దక్క కూతురు అత్తగారి వెనకే వెళ్ళింది. తల్లి వైపు చూడనైనా చూడలేదు.

హక్కు అద్దకం వీధికే అని వారం తిరక్కుండా ఆఫీసు గోడ మీద కాగితం అంటించారు. అభ్యంతరాలు ఉన్నవాళ్ళు పదిహేను రోజుల్లో చెప్పుకోవచ్చట. చెప్పుకునేవాళ్ళెవరు? వీధివీధంతా సంబరం. కంపెనీ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. ఒక మనిషిని ఫోను చేతికిచ్చి మేడ మీద నిలబెట్టింది. బయటివాళ్ళు ఎవరైనా గుడ్డపీలిక ఆరేసినా ఫొటో తీయమని. దాంతో పెద్దక్క భర్త చుట్టూ కంచె మొదలెట్టాడు. మొదటిరోజు మధ్యాహ్నం పరుపులు మోసుకొచ్చిన కుర్రాళ్ళు కంచె గుంజల దగ్గర కాసేపు నిలబడి, ఏమీ అనకుండా తిరిగి వెళ్ళిపోయారు. వాళ్ళు రెండు తిట్లు తిట్టినా బాగుండేదని పెద్దక్కకి అనిపించింది.

ఓపలేక ఒకరోజు పొద్దున తనే అవతలి సందుకి వెళ్ళింది.

వియ్యపురాలి ఇల్లు ఒకటే గది. ఇప్పుడు అది కూడా లేనట్టే ఉంది. గోడలకి ఆనించి తడి పరుపులు, నేలంతా పరిచిన దూది, దాని మీద గరగరమని తిరిగే పంకా. గదంతా ముక్కిన వాసన. ఇంతకు ముందైతే గుమ్మంలోకి రాగానే "ఏం వదినా, అలా నిలబడ్డావేం, ఆ దూది అటు తన్ని కూర్చో" అని కేకేసేది. ఇప్పుడు గబగబా లేచింది. దూది ఒక పక్కకి సర్దింది. ఉన్న ఒక్క కుర్చీనీ కొంగుతో తుడిచింది.

"రండి. కూర్చోండి."

పెద్దక్కకి నవ్వొచ్చినంత పనైంది. "అదేంటి వదినా, నన్ను మీరంటున్నావు?"

"పెద్దవాళ్ళు కదండీ."

కూర్చోక తప్పలేదు. "ఆరోజు ఆ మాట... నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. నా మీద కోపముంటే రెండు తిట్టు. ఆ బద్ద ఉందిగా, దాంతో ఒక్కటెయ్యి. అంతేగానీ ఇలా..."

"కోపమెందుకండీ? మీకు కావలసిన మాట మీరన్నారు. మీకు కావలసిందని మేమూ అదే అన్నాం. మీ పని అయింది, సంతోషం." ఆవిడ గొంతులో వ్యంగ్యం లేదు. అదే పెద్దక్కని కాల్చేసింది. "కాకపోతే ఒక్క మాటండీ. ఒక్కపూటకే అని అన్నయ్యగారు చెప్పినప్పుడు, అది ఒక్కపూటకి కాదని మీకు తెలుసా?"

పెద్దక్క నీళ్ళు నమిలింది. వియ్యపురాలు తలూపి, దూది తిరగేయడం మొదలెట్టింది. ఆవిడకి జవాబు దొరికింది.

కూతురు లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు కింద పళ్ళెం పెట్టి మరీ తెచ్చింది. పెద్దక్క ఆ పళ్ళెం వైపే చూసింది. తను ఈ ఇంట్లో కుండలో నీళ్ళు ముంచుకుని తాగే మనిషి.

"చిక్కిపోయావేమే" అంది కూతురి చెయ్యి పట్టుకుని. "రాత్రంతా పంకా కింద దూది తిప్పుతున్నారా? నాలుగు రోజులు మనింటికి రారాదూ?"

"మీ ఇంటికా అమ్మా?" అంది కూతురు. "ఇప్పుడెక్కడ కుదురుతుంది, పనుంది. చూద్దాంలే."

పొడవాలని అన్న మాట కాదది. చూపు దూది మీదే ఉంది, మనసు పని మీదే ఉంది. దానంతటదే వచ్చిన మాట. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ పిల్ల నోట 'మనింటికి వస్తున్నానమ్మా' అన్న మాటే తప్ప ఇంకోటి వినలేదు పెద్దక్క. నీళ్ళు తాగింది, లేచింది. వీధంతా కూర్చోబెట్టి నేర్పినా తనకి సరిగ్గా పట్టుబడని పాఠం, కూతురికి ఒక్కపూటలో వచ్చేసింది. నేర్పింది తనే.

సందు దాటేసరికి భర్త కంచెకి గుంజలు బిగిస్తూ కనబడ్డాడు.

"ఎక్కడికే?"

"భూముల ఆఫీసుకి. అభ్యంతరం చెప్పడానికి."

ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో నెత్తురు చుక్క లేదు. "నీకేమైనా పిచ్చా? నోటి దాకా వచ్చిన కూడు నేలపాలు చేస్తావా? అందరూ ఏమైపోతారు? రేపట్నుంచి ఈ వీధిలో నీ మొహం చూసేవాడుంటాడా?"

"ఉండడు."

"వాళ్ళకైనా ఏం ఒరుగుతుంది? వాళ్ళని కలుపుకుని అడిగితే అది ఎన్నేళ్ళకి తేలుతుందో, అసలు వస్తుందో రాదో!"

"రాకపోవచ్చు. అప్పటిదాకా ఎవరూ అమ్మలేరని వకీలమ్మ చెప్పింది. అప్పటిదాకా పొద్దున గుడ్డలు, మధ్యాహ్నం పరుపులు. ఆ తర్వాత సంగతి నాకు తెలియదు. నీకూ తెలియదు. ఆ కంపెనీవాడికీ తెలియదు. తెలిసిందొక్కటే, ఇలా అయితే నా కూతురు నాకు లేదు."

"నేను అడ్డం పడలేను" అన్నాడాయన చివరికి, గుంజ పట్టుకుని. "పక్కన నిలబడనూ లేను."

"నిలబడమని అడగలేదు" అంది పెద్దక్క. ఆగకుండా ఆఫీసు దారి పట్టింది.

ఆఫీసులో కిటికీ వెనక గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "ఎవరి హక్కు మీదమ్మా అభ్యంతరం?"

"అద్దకం వీధివాళ్ళ హక్కు మీదండీ."

"మీరు ఎక్కడుంటారు?"

"అద్దకం వీధిలోనే."

గుమాస్తా తలెత్తి ఆమె నీలం చేతులు చూశాడు. "అంటే మీ మీద మీరే ఫిర్యాదా?"

"అవునండీ. మా మీదే. విచారణలో నేను అబద్ధం చెప్పాను. ఆ స్థలం పరుపులవాళ్ళు కూడా వాడుకుంటున్నారు. వాళ్ళూ మేమూ మాట్లాడుకునే పెట్టుకున్న ఏర్పాటు అది. ఉమ్మడిగానే అడగాలి."

"ఇది రాశాక వెనక్కి తీసుకోవడం ఉండదు. అబద్ధం చెప్పినందుకు మిమ్మల్ని విడిగా పిలుస్తారు. తెలుసా?"

"తెలియదు. రాయండి."

గుమాస్తా కలం తీసి రాయడం మొదలెట్టాడు. రాస్తూ రాస్తూ ఒక చోట ఆగాడు. "ఎవరి తరఫున? మీ వీధి తరఫునా, ఆ పరుపులవాళ్ళ తరఫునా?"

'మా తరఫున' అనడానికి వెనక వీధి లేదు. 'మా అందరి తరఫున' అనడానికి వాళ్ళెవరూ ఒప్పుకోలేదు, వాళ్ళని అడిగే మొహమూ తనకి లేదు. వెనక వరసలో ఎవరో త్వరగా కానివ్వమని విసుక్కున్నారు. పెద్దక్క కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుంది.

"ఎవరి తరఫునా కాదండీ" అంది. "నేను అని రాయండి."